ఎవరిదీ కాని బీడు

బీడు ఎవరిదని అడిగితే "ఎవరిదీ కాదు" అనడం మా ఊరి మర్యాద. ఆ మర్యాదే మా కొంప ముంచింది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. మా అమ్మ నోరు మంచిదే. ఆ మంచి నోటితో చెప్పిన ఒక్క మాటకు ఊరి గడ్డి సగం పోయింది. ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతోంది. మండనీ.

మా ఊరు తమిళనాడులో, జవళగిరి దగ్గర, అడవి అంచున. ఊరికీ అడవికీ నడుమ మేతబీడు ఉంది. చెట్లు తక్కువ, గడ్డి ఎక్కువ. మా తాతల నాటి నుంచి మా నాటు ఆవులు అక్కడే మేస్తున్నాయి. నాయన పోయాక మందను అమ్మే చూసుకుంటోంది. నేను హోసూరులో ఒక ఫ్యాక్టరీలో పని చేస్తూ ఆదివారాలు ఊరికి వస్తాను. మా అమ్మకు నాకంటే ఆవులే దగ్గర. అందుకు నాకు కోపమేమీ లేదు. నేను వారానికొకసారి కనిపిస్తాను, అవి రోజూ ఆమె చెయ్యి నాకుతాయి.

ఆ బీడుకు మా వాళ్ళు పెట్టుకున్న కట్టడి ఒకటుంది. తొలి వానలు పడగానే దాన్ని మూసేస్తారు. మూయడమంటే గోడా కాదు, గేటూ కాదు. లోపలికి దారి రెండు పెద్ద రాతిగుండ్ల మధ్య నుంచి పోతుంది. ఆ గుండ్లకు అడ్డంగా తాడు కట్టి, దానికి వేపకొమ్మలు వేలాడదీస్తారు. అంతే. ఇక గడ్డి పెరిగి, గింజ పట్టి, ఆ గింజ నేల రాలేదాకా ఆవూ దిగదు, మనిషీ దిగడు. అన్నాళ్ళూ గట్ల మీద, వాగు పక్కన మేపుకోవాలి. ఎవరి ఆవైనా తాడు దాటిందంటే వాళ్ళు ఎనిమిది రోజులు ఊరి మందలన్నిటికీ నీళ్ళు తోడి తొట్టి నింపాలి. నా చిన్నప్పుడు మా ఆవే దాటింది. మా నాయన ఎనిమిది రోజులూ తోడాడు. నడుము పట్టేసినా ఒక్క రోజు మానలేదు.

ఇంకో కట్టడి కూడా ఉంది. ఆ బీడును "నాది" అని ఎవరూ అనకూడదు. అన్నవాళ్ళ కొట్టంలో దూడ నిలవదని నమ్మకం. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. నాది అనుకున్నవాడు లేడు కాబట్టే దాన్ని ఇన్నాళ్ళూ ఎవడూ దున్నలేదు, అమ్మలేదు, కంచె వేసుకోలేదు. సర్కారు కాగితాల్లో దీన్నే పర్యావరణ పరిరక్షణ అంటారట. మాకు ఆ మాట రాదు, పని వచ్చు.

పోయిన ఏడు ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, ఊళ్ళోకి జీపు వచ్చింది. పచ్చదనం పెంచే పథకమట, చెట్లు ఎక్కడ నాటాలో చూసుకోవడానికి వచ్చారు. అప్పుడు బీడు మూసి ఉంది. లోపల ఒక్క ఆవు లేదు, ఒక్క గిట్ట గుర్తు లేదు. మా అమ్మ ఒక్కతే తాడు దగ్గర నిలబడి వాడిపోయిన వేపకొమ్మలు తీసి కొత్తవి కడుతోంది. అధికారి తమిళంలో అడిగాడు, ఆమె తమిళంలోనే చెప్పింది. తర్వాత నాకు మన తెలుగులో చెప్పింది.

"ఈ బూమి యెవురిదమ్మా అన్నాడు. యెవురిదీ కాదు సామీ అన్నాను. పసువులు మేస్తా ఉండాయా అన్నాడు. ఇప్పుడు లేదు అన్నాను. నిజమే గదా పాపా, నేనేమన్నా అబద్దం చెప్పినానా?"

చెప్పలేదు. చెప్పి ఉంటే బాగుండేది.

రెండు నెలలు తిరక్కముందే, గింజ ఇంకా పాల మీద ఉండగానే జేసీబీ వచ్చింది. బీడు పై సగమంతా గుంతలు తవ్వింది. చుట్టూ ముళ్ళకంచె వేశారు. ముందు ఆకుపచ్చ బోర్డు పాతారు. ఇది వాడుకలో లేని బంజరు, దీన్ని పచ్చగా మారుస్తున్నామని దాని మీద రాసి ఉంది. మోకాలి ఎత్తు గడ్డిని పెళ్ళగించి పచ్చగా మారుస్తారట! కంచె చేను మేయడం సామెతలో విన్నాను, ఆ ఆదివారం కళ్ళారా చూశాను. కింది సగంలో కూడా సున్నంతో గీతలు గీసి పెట్టారు. దసరా దాటాక అదీ తవ్వుతారని చెప్పారు.

ఇంటికి వెళ్తే అమ్మ వాకిట్లో కూర్చుని ఉంది. ముందున్న రాగిముద్ద ఎండిపోయింది. "నా నోటితో నేనే ఇచ్చేస్తిని పాపా" అంది. డెంకణికోట సంత నుంచి పశువుల బేరగాడు అప్పటికే వచ్చి పోయాడు. మిగిలిన గడ్డి కూడా పోకముందే మందను అమ్మేసుకోమన్నాడట. అమ్మ కాదనలేదు. దానికే నాకు భయం వేసింది. నాయన పోయిన రోజు కూడా ఏడుస్తూనే పాలు పితికిన మనిషి ఆమె. మంద పోతే ఈ మనిషి మిగలదని నాకు తెలుసు.

సెలవు పెట్టి కృష్ణగిరిలో జిల్లా ఆఫీసుకు పోయాను. మూడు బల్లలు తిరిగాక ఒక అధికారిణి కూర్చోమంది. "చెట్లు నాటుతుంటే వద్దంటారేమమ్మా, మీకు అడవి అక్కర్లేదా?" అంది.

"అక్కర్లేకపోతే, మీరు వచ్చేసరికి అక్కడ అంత గడ్డి ఎట్లా ఉందండీ?" అన్నాను. నా గొంతు పెరిగింది. పక్కవాళ్ళు తలలెత్తి చూశారు. చూడనీ. "గడ్డి ఉంటేనే అడవిలోంచి వచ్చే ఏనుగు అక్కడ ఆగుతుంది. గడ్డి తీసేస్తే మా రాగిచేలలో దిగుతుంది. అప్పుడు ఏనుగుకు మీరు ఇంకో పథకం వేస్తారు."

ఆమె ఫైలు తిప్పి నా ముందు పెట్టింది. "పశువులు లేవు. ఎవరిదీ కాదని అక్కడి స్త్రీ చెప్పినది" అని ఉంది. మా అమ్మకు పేరు కూడా లేదు. అక్కడి స్త్రీ, అంతే.

ఆ అధికారిణి చెడ్డదేమీ కాదు. అడవిని నమ్ముకుని బతికేవాళ్ళకు దాని మీద ఉమ్మడి హక్కు ఇచ్చే చట్టం ఉందని ఆమే చెప్పింది. గ్రామసభ తీర్మానం చేస్తే తవ్వడం ఆపి విచారిస్తారట. "కానీ మేపేవాళ్ళు ఎవరైనా లేచి, ఇది మాది అని పేరు రాయించాలి. లేకపోతే నేనేం చేయలేను" అంది. చట్టం మా పక్కనే ఉంది. మా నోరే మా పక్కన లేదు.

ఊళ్ళో మందలున్న వాళ్ళందరినీ కూర్చోబెట్టి ఈ సంగతి చెప్పాను. అందరిలోకీ పెద్దాయన, నాకు వరసకు పెదనాయన, చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

"పసువులదని రాయమనమ్మా."

"ఆ కాయితంలో పసువులకు చోటు లేదు పెదనాయనా."

"అట్లయితే అడివిదని రాయమను."

"అడివిదంటే వాళ్ళదే అయిపోతాది."

"మరి నువ్వే చెప్పు. నీకు కొట్టమే లేదు గదా, నీకేం బయం?"

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. హోసూరులో మిషను ముందు నిలబడే నన్ను ఎన్ని ఆవులు మేపుతున్నావని అడిగితే ఏం చెప్పను?

ఇంటికొచ్చి అమ్మను అడిగాను. "నన్ను అడగొద్దు. ఎర్రావు కడుపుతో ఉండాది" అంది.

"దూడ పోతాదని బయపడి మందనే అమ్ముకుంటావా? నాయన ఎనిమిది రోజులు నీళ్ళు తోడింది దీనికేనా?" అని అరిచాను. ఆ మాట అనకూడదు. అన్నాను. ఆమె లేచి కొట్టంలోకి పోయింది.

గాంధీ జయంతి నాడు బడి ముందు షామియానా కింద గ్రామసభ జరిగింది. కాలువలు అయ్యాయి, వీధి దీపాలు అయ్యాయి, చివరికి బీడు మాట వచ్చింది. ఎవరైనా చెప్పేదుందా అని అడిగారు. మగవాళ్ళంతా తమ కాళ్ళనే ఎప్పుడూ చూడనట్టు చూసుకుంటున్నారు. కార్యదర్శి కాగితం తిప్పబోయాడు.

అప్పుడు మా అమ్మ లేచింది. మైకు ఇస్తే తీసుకోలేదు.

"ఆ బీడు నాది. రాసుకో సామీ. పేరు కూడా రాయి. యెవురిదీ కాదని చెప్పినది నేనే, ఇప్పుడు నాదని చెప్తా ఉండేదీ నేనే. దోసం వస్తే నా కొట్టానికి రానీ."

తర్వాత పెదనాయన మోకాళ్ళు పట్టుకుని లేచాడు. "నీ ఒక్కదాని కొట్టానికే యెందుకమ్మా? నాది కూడా" అన్నాడు. ఆ వెనక ఒక్కొక్కరే లేచారు. నాకు ఏడుపు వచ్చింది, దాచుకోలేదు.

తీర్మానం అయింది. కింది సగంలో జేసీబీ దిగలేదు. బేరగాడు మళ్ళీ వస్తే అమ్మ గుమ్మం దగ్గరి నుంచే పంపించేసింది.

కార్తీకంలో ఎర్రావు ఈనింది. దూడ నాలుగో రోజున పోయింది. పొదుగు వాపు, పాలు చాలలేదు, ఏదో కారణం చెప్పాడు పశువుల డాక్టరు. నేను డాక్టరునే నమ్ముతాను. ఊరు ఏం నమ్మిందో నాకు తెలుసు, నోరు తెరిచి అనకపోయినా. అమ్మ దూడను తనే మోసుకుపోయి పాతిపెట్టి వచ్చి, ఎర్రావు పక్కన కూర్చుంది. ఆమెను లేపి ఆ మాట అనిపించింది నేనే. ఇక ఆ మాట మళ్ళీ ఆమె నోట రాదనుకున్నాను.

ఫైలు ఇంకా కృష్ణగిరిలోనే ఉంది. సెలవు దొరికినప్పుడల్లా పోతున్నాను, అది కదిలేదాకా పోతాను. పై సగంలో నాటిన మొక్కలు చాలావరకు ఎండిపోయాయి. గుంతల గట్ల మీద మా గడ్డే మళ్ళీ లేస్తోంది.

ఈ ఏడు తొలి వానలు పడ్డాయి. ఆదివారం నేను ఊళ్ళోనే ఉన్నాను. అమ్మ గుండ్లకు తాడు కట్టి, అక్కడితో ఆగకుండా వాళ్ళ కంచె గేటుకు కూడా అడ్డంగా తాడు కట్టి వేపకొమ్మలు వేసింది. మొక్కలు చూడటానికి వచ్చిన కాపలాదారు తాడు పట్టుకుని, ఎవరు కట్టారిది, ఈ భూమి ఎవరిదనుకున్నారని గద్దించాడు.

అమ్మ అతని చేతిలోంచి తాడు తీసుకుని ముడి ఇంకాస్త బిగించింది.

"నాదప్పా" అంది. "గింజ రాలేదాకా నువ్వు కూడా దిగకూడదు."