జీ కార్డు హొన్నూరమ్మ

హొన్నూరమ్మ కష్టపడి సాధించిన మొదటి విజయం జీ కార్డు. ఉకులేలే అనే చిన్న వాయిద్యానికి నాలుగు తీగలుంటాయి. ఎడమచేతి వేళ్లతో కొన్ని తీగలను నొక్కిపట్టి, కుడిచేత్తో నాలుగింటినీ ఒక్కసారి మీటితే వచ్చే నాదాన్ని కార్డు అంటారు. జీ కార్డుకు మూడు వేళ్లు మూడు తీగల మీద ముగ్గు చుక్కల్లాగా సరిగ్గా పడాలి. ఒక్క వేలు పక్క తీగకు తగిలినా రేకు డబ్బా చప్పుడే. దసరాకు మొదలుపెట్టిన హొన్నూరమ్మకు అది శివరాత్రికి గానీ పలకలేదు. పలికిన సాయంత్రం మా వరండాలో ఎవరూ నోరు మెదపలేదు. చిన్నప్పుడు, ఆంధ్రా నుంచి వలస వచ్చిన రైతులం వేసుకున్న మా క్యాంపు పొలంలోకి తుంగభద్ర కాలువ నీళ్లు తొలిసారి వచ్చినప్పుడు మా నాన్న అట్లాగే నిలబడిపోయారు. మళ్లీ అలాంటి నిశ్శబ్దం నేను చూసింది ఆ రోజే.

ఆ ఎడమచేతికే మొన్న ఫిబ్రవరిలో ఆపరేషన్ అయింది. ఆ మూడు వేళ్లూ మళ్లీ ఆ మూడు తీగల మీద నిలుస్తాయా లేదా అన్నదే ఇప్పుడు మా బృందం అందరి బెంగ. అందుకే మన సత్యనారాయణపేట వాళ్లం వేసుకునే సంచికలో ఈసారి ఆమె గురించి రాస్తానని నేనే అడిగి ఒప్పించాను. సిరుగుప్ప దగ్గర క్యాంపు బడిలో ఏడో తరగతితో నా చదువు ఆగింది. అయినా కాలువ నీటి సంఘానికి అధ్యక్షుడిగా చేసిన కాలమంతా అర్జీలు నేనే రాశాను. చివరి ఎకరానికి నీళ్లు తెప్పించాను. బళ్లారి వచ్చాక, డెబ్బై దాటాక, ఉకులేలే పట్టాను. కాబట్టి ఒక మనిషి గురించి రాయడానికి నాకు జంకు లేదు.

హొన్నూరమ్మది కురుగోడు పక్క పల్లె. మిరప కోతలకూ పత్తి ఏరడానికీ కూలికి పోయిన ఇల్లు. హంపన్నను చేసుకుని బళ్లారి వచ్చింది. అతను గూడ్స్ ఆటో నడుపుతాడు. ఆమె జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్లో చేరింది. మన ఊరి జీన్స్ ఎక్కడెక్కడికి పోతాయో మీకు తెలుసు. అయితే అక్కడ ఒకరు కూర్చుని ఒక ప్యాంటు కుట్టరు. ఒకరిది జిప్పు, ఒకరిది నడుంపట్టీ, ఒకరిది బెల్టు పట్టే చిన్న చిన్న లూపులు. హొన్నూరమ్మది వెనక జేబు. పెళ్లీడు పిల్లలున్న వయసు వచ్చేదాకా వెనక జేబే కుట్టింది. ఆమె జేబు ఒక్కటి కూడా విప్పి కుట్టమని వెనక్కి రాలేదట. దేశంలో ఎంతమంది ఆమె కుట్టిన జేబులో చెయ్యి పెట్టుకుని దర్జాగా తిరుగుతున్నారో, వాళ్లకు ఆమె పేరు తెలియదు. మీకైనా తెలియాలి.

మా బృందంలోకి ఆమె వాయించడానికి రాలేదు, కొలత తీసుకోవడానికి వచ్చింది. బృందం పెట్టింది రాఘవేంద్ర మాస్టారు. కన్నడ బడిలో సంగీతం చెప్పి రిటైరైన మనిషి. ముసలి వేళ్లకు గిటారు తీగలు కోసుకుంటాయని, నైలాను తీగల ఉకులేలేలు తెప్పించారు. చోటు నాది, ఆదివారం సాయంత్రం కాఫీ నాది. బస్సు కండక్టరు ఈరేశ్, మందుల షాపు నేత్ర మొదట్లోనే చేరారు. వాయిద్యాలకు దుమ్ము పడుతోందని, జీన్స్ ముక్కలతో గలీబులు కుట్టిస్తే గట్టిగా ఉంటాయని నేనే చెప్పాను. అట్లా వచ్చింది హొన్నూరమ్మ.

టేపు మెడలో వేసుకుని, వాయిద్యాన్ని చంటిబిడ్డలా ఒళ్లో పడుకోబెట్టి కొలిచింది. కొలుస్తూ కొలుస్తూ ఒక తీగ లాగింది.

"ఏందప్పా దీని పేరు?"

"ఉకులేలే" అన్నాను.

"ఉకు... అయ్యో, ఎక్కిళ్లొచ్చినట్ల ఉండాది! ఈ పేరు పెట్టినాయప్పకు అప్పుడు నీళ్లు ఇచ్చేవాళ్లు ఎవురూ లేరా?"

గలీబులు తెచ్చిన ఆదివారం కాసేపు కూర్చుని విని పోతానంది. ఆ తరువాతి ఆదివారం గుమ్మం దగ్గర కూర్చుంది. ఆపై వారం మాస్టారు ఒక వాయిద్యం ఆమె ఒళ్లో పెట్టేశారు.

ఇక మా సంగీతం గురించి దాచకుండా చెప్పాలి. జీ ఒక్కటి తప్ప, ఒక్కొక్క కార్డు పట్టడం అందరికీ వచ్చింది. ఒక కార్డు నుంచి ఇంకో కార్డుకు వేళ్లు మార్చడం మాత్రం ఎవరికీ రాలేదు. నా వేళ్లు చోటు వెతుక్కునే లోపల పాట వీధి చివరికి పోయేది. ఈరేశ్ సగంలో ఆపి వేళ్లు లెక్కపెట్టుకునేవాడు. మేము పట్టుకున్నది హొన్నూరమ్మ వాళ్లమ్మ పాడిన నాట్ల పాట. మడిలో వంగి నారు నాటుతూ పాడే పాట కాబట్టి నింపాదిగా సాగుతుంది. అయినా దాన్ని అందుకోలేకపోయాం. ఆ ఏడు ఎండాకాలపు వరికోతలు కూడా అయిపోయినా మా నాట్లు మాత్రం కాలేదు.

ఒకరోజు మాస్టారు విసుగొచ్చి వాయిద్యం పక్కన పెట్టేశారు. అప్పుడు హొన్నూరమ్మ అంది:

"సార్, మా యూనిట్లో ప్యాంటంతా ఒక్కరే కుడతారా? నా వల్ల అయితాదా? నేను జేబు. అష్టే. మీరు గూడా పాటను పంచండి."

"పంచడమేందమ్మా?"

"ఒకరు ఒక్క కార్డు. వాళ్లది వచ్చినప్పుడు వాళ్లు కొట్టాల. మిగతావాళ్లు సుమ్నె, ఊరికే ఉండాల. యాడ మార్చేది, యాడ తప్పేది?"

మాస్టారికి గుండెలో గుచ్చుకుంది. "సంగీతాన్ని ఫ్యాక్టరీ చేస్తావా తల్లీ?" అన్నారు.

"ఫ్యాక్టరీ అంటే తప్పా సార్? ప్యాంటు చానా బాగొస్తాది."

నేత్ర పకపకా నవ్వింది. మాస్టారు ఆ రాత్రి భోజనం దగ్గర కూడా గొణుక్కున్నారని ఆయన భార్య చెప్పింది. మళ్లీ ఆదివారం ఆయనే పంచారు. సీ కార్డుకు ఒక్క వేలు చాలు. అది ఈరేశ్ లాక్కున్నాడు. "మిగతా వేళ్లు టికెట్లకు కావాల గదప్పా" అన్నాడు. ఎఫ్ నేత్రకు. ఏ మైనరు నాకు. అదీ ఒక్క వేలిదే గానీ పాట కన్నీళ్లు పెట్టించే చోట వస్తుందని మాస్టారు చెప్పాక నేను దాన్ని ఎవరికీ ఇవ్వలేదు. మిగిలింది జీ. మూడు వేళ్లది, ఎవరికీ అక్కర్లేనిది. పాటలో ప్రతి చరణం చివరా అదే రావాలి, అది వస్తేనే పాట మళ్లీ మొదటికి తిరుగుతుంది.

"ఈడ ఇయ్యండి" అంది హొన్నూరమ్మ. "ఎవురికీ వద్దనే పనే నాకు అలవాటు."

తరువాత దసరా నుంచి శివరాత్రి దాకా ఏమయిందో మొదట్లోనే రాశాను.

మేము ఏమేం సాధించామో కూడా ఇక్కడ రాయడం న్యాయం. ఈరేశ్ వాళ్లన్న కూతురి పెళ్లిలో సిరుగుప్పలో వాయించాం. బస్సు డ్రైవర్లు లేచి చప్పట్లు కొట్టారు. మన పేట వినాయకుడి దగ్గర వరసగా రెండేళ్లు వాయించాం. రైసు మిల్లుల వాళ్ల సభలో మా తరువాత మాట్లాడవలసిన పెద్దమనిషి, ఇక నేనేం చెప్పాలి అని కూర్చున్నాడు. నలుగురైదుగురు కలిస్తే గానీ ఒక పాట కాని బృందం ఈ జిల్లాలో ఇంకొకటి ఉంటే చూపించమనండి. మాలో ఒకరు రాకపోతే పాటలో కన్నం పడుతుంది. అందుకని జ్వరమొచ్చినా వచ్చేవాళ్లం. నా మోకాలు వాచినప్పుడు వీళ్లంతా నా మంచం చుట్టూ కుర్చీలు వేసుకున్నారు.

పోయిన వానాకాలంలో హొన్నూరమ్మ ఎడమచేతి బాధ మొదలైంది. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కేవి. ఇన్నేళ్లు మందపాటి గుడ్డను మిషను కిందికి తోసిన చెయ్యి అది. మణికట్టు దగ్గర నరం నలిగిందని డాక్టరు చెప్పారు. ఆమె యూనిట్‌కు నెల రోజులు పోలేకపోయింది. మళ్లీ పోయిన రోజు ఆమె కుర్చీలో ఇంకో అమ్మాయి కూర్చుని జేబులు కుడుతోందట.

"ఏమీ అనలేదా?" అని అడిగాను.

"ఏమనాల? ఆ పాపదీ కడుపే గదప్పా. మంచిగా కుడతాంది. దారం కొంచెం వదులు, అంతే."

ఆ మాట నవ్వుతూ చెప్పింది. కానీ ఆ ఆదివారం జీ కార్డు దగ్గర చూపుడువేలు జారిపోయింది. తల దించుకుని మళ్లీ నొక్కింది. మళ్లీ జారింది. ఈరేశ్ కావాలనే తన సీ కూడా తప్పు కొట్టి, "అయ్యో, ఈరోజు నాకూ బ్రేకు పడలేదు" అన్నాడు. మంచి పిల్లవాడు.

ఆపరేషన్ ముందురోజు ఆమె గలీబుతో సహా వాయిద్యం తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"ఎవురికైనా ఇయ్యండప్పా. ఉగాది ప్రోగ్రాం దగ్గరపడతాంది. జీ లేకుంటే పాట తిరగదు."

"ఇది నీది. తీసుకుపో" అన్నాను. తీసుకుపోలేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. విశ్రాంతికి కురుగోడులో వాళ్లక్క బసవమ్మ ఇంటికి వెళ్లింది. చేతికి పని చెప్పకూడదు, కానీ వేళ్లు మెల్లగా కదపాలని డాక్టరు చెప్పి పంపారు. ఇక్కడ మాస్టారు, ఉగాది ముందు కార్యక్రమం చెడకూడదని, నేత్రకు జీ కూడా నేర్పారు. నేత్ర చురుకైన పిల్ల. రెండు వారాలకే ఎఫ్ నుంచి జీకి పావురంలా ఎగిరి వాలేది. పాట ఎక్కడా ఆగలేదు. ఈ కబురు వింటే హొన్నూరమ్మ సంతోషిస్తుందని, కురుగోడు నుంచి ఆమె బట్టలు తీసుకోవడానికి వచ్చిన హంపన్న చేత ఫోన్ చేయించి, స్పీకరు పెట్టించి, మొత్తం వినిపించాం.

"చానా బాగుండాది" అంది. "నా జీ ఎవురు కొట్టినారు?"

"నేనే అక్కా" అంది నేత్ర.

"బాగ కొట్టినావు పాపా. శబ్దం తేటగా ఉండాది." ఫోన్ పెట్టేసింది.

మేము సంబరంగా కాఫీలు తాగాం. మర్నాడు హంపన్న ఆటో మా ఇంటి ముందు ఆగింది. లోపలికి రమ్మన్నా రాలేదు. గేటు పట్టుకునే చెప్పాడు.

"పెద్దాయప్పా, మీరు మంచికే చేసినారు. ఆయమ్మ నిన్న అన్నం ముట్టలేదు. ఆడ మిషను ఇచ్చేసినారు, ఈడ జీ ఇచ్చేసినారు, నేనింగ యాడ కూసోవాల అని గోడ దిక్కు తిరిగి పండుకుంది. వేళ్లు కదపమంటే ఎందుకులే అంటాంది."

ఒక పాట పూర్తి చేద్దామనుకుని ఒక మనిషి కుర్చీ తీసేశాం.

ఆదివారం దాకా ఆగకుండా అందరినీ పిలిపించాను. నేను చెప్పడం పూర్తి కాకముందే నేత్ర వాయిద్యం గలీబులో పెట్టేసింది.

"నాకు జీ బేడ, వద్దు తాతా. నేను ఎఫ్ మనిషిని. ఎఫ్ లోనే రిటైర్ అయితా."

"మరి పాట?" అన్నాడు ఈరేశ్. "చరణం చివర్న ఏం చెయ్యాల? టైరు పంచరైనట్ల ఆగాలా?"

మాస్టారు కళ్లు మూసుకుని మోకాలి మీద తాళం వేసుకున్నారు. "తాళంలో ఖాళీ కూడా ఒక దెబ్బే" అన్నారు. "ఆమె చోటు వచ్చినప్పుడు తీగ ముట్టవద్దు. అందరం వాయిద్యం చెక్క మీద వేలితో తడదాం. లెక్క తప్పదు, చోటూ పోదు."

అట్లాగే చేశాం. సీ, ఎఫ్, ఏ మైనరు, తరువాత అందరి వేళ్లూ కలిసి చెక్క మీద టక్ టక్. మళ్లీ సీ. మొదటిసారి విన్నప్పుడు నవ్వొచ్చింది. మూడోసారికి ఎవరికీ నవ్వు రాలేదు. ఆ టక్ టక్ దగ్గర అందరి కళ్లూ గుమ్మం పక్క ఖాళీ కుర్చీ మీదికి పోతున్నాయి. ఆమె వాయిద్యాన్ని గలీబుతోనే ఆ కుర్చీలో పెట్టాను.

మళ్లీ హంపన్న ఫోన్‌లోనే వినిపించాం. పాట అయిపోయింది.

"ఏందది?" అంది. "చరణం చరణానికీ తలుపు తట్టినట్ల ఉండాది?"

"తట్టేది నీ తలుపేనమ్మా" అన్నాను. "నువ్వొచ్చి తీయాలి."

నవ్విందో ఏడ్చిందో ఫోన్‌లో తెలియలేదు. వెనక నుంచి వాళ్లక్క బసవమ్మ గొంతు మాత్రం గట్టిగా వినిపించింది: "ఏమే, ఇప్పుడన్నా వేళ్లు కదుపుతావా, లేకుంటే నేను పోయి కొట్టాల్నా ఆ జీ?"

"నువ్వు కొడితే వాళ్లు పేట వదిలి పారిపోతారక్కా" అంది హొన్నూరమ్మ.

అప్పటినుంచి రోజూ వేళ్లు కదుపుతోంది. రొట్టెలు కాల్చే కట్టెల పొయ్యి పక్కన కూర్చుని, బసవమ్మ ఇంటి అప్పడాల కర్రనే వాయిద్యంలా పట్టుకుని, దాని మీద మూడు వేళ్లు పెట్టి తీస్తోందని హంపన్న చెప్పాడు. చూపుడువేలికి స్పర్శ తిరిగొచ్చింది. నడిమివేలు కొంచెం మొరాయిస్తోంది. కుట్లు విప్పిన డాక్టరు, గట్టి పనులు ఇప్పుడే వద్దు గానీ మెత్తటి తీగలు కాసేపు నొక్కితే వేళ్లకు మంచిదే అన్నారట. మిషను మాటేమిటని హొన్నూరమ్మ అడగలేదు. తీగల మాటే అడిగింది.

మూడు వేళ్లూ మొదటి రోజే పలుకుతాయని నేను అనుకోవడం లేదు. పలకకపోతే మళ్లీ తడతాం. దసరా నుంచి శివరాత్రి దాకా ఒకసారి కాచుకున్న వాళ్లం, ఇంకోసారి కాచుకోలేమా? నైలాను తీగలు కొత్తవి వేయించి, శ్రుతి మాస్టారు చేత సరిచూపించి పెట్టాను. కుర్చీ గుమ్మం దగ్గరి నుంచి మధ్యకు జరిపాను. ఉగాదికి ముందు ఆదివారం మన పేటలో మా కార్యక్రమం. అందరూ రండి. ఆ రోజు పొద్దున కురుగోడు బస్సు దిగి తానే నడిచి వస్తానని, ఆటో పంపొద్దని కబురు పెట్టింది. హొన్నూరమ్మ వచ్చేది మార్చి పదిహేను, ఆదివారం.