బోణీ బేరంలో కొన్న ఈటీఎఫ్

ఉప్పల్ మార్కెట్లో టమాటాల మీద రెండు రూపాయలైనా తగ్గించకుండా నేను ఇంటికొచ్చిన రోజు లేదు. అంతటి దాన్ని, మా అమ్మ సొమ్ము రెండు లక్షల ఆరు వేలను ఒక్క మాట బేరమాడకుండా, పొద్దున తొమ్మిదింబావుకు ఒక్క నొక్కుతో ఖర్చు పెట్టేశాను. నాచారం మొత్తంలో ఇంకెవరైనా ఇలా చేశారేమో చూపించండి.

కిరాణా దుకాణం మూసేశాక ర్యాకులు, ఫ్రిజ్, మిగిలిన సరుకు అమ్మగా వచ్చిన డబ్బది. ఫ్యాక్టరీల షిఫ్టు వదలగానే మా దుకాణం ముందు ఆగేవాళ్లు మొదట అడిగేది సిగరెట్టే. ముప్పై ఏళ్లు అమ్మ లేదనే చెప్పింది. గుట్కా దండలు కట్టిన పక్క దుకాణం రెండంతస్తులు లేచింది, మాది రేకుల కిందే ఉండిపోయింది. అందుకే డబ్బు నా చేతిలో పెడుతూ ఒక్కటే షరతు పెట్టింది.

"సారా పైసలు, సిగరెట్ పైసలు నా పైసలల్ల కలవొద్దు బిడ్డా."

ఈటీఎఫ్ అంటే బోలెడు కంపెనీల షేర్లను ఒక సంచిలో కట్టి, ఆ సంచినే షేరులా అమ్మడం. మద్యం, పొగాకు కంపెనీలను జల్లెడ పట్టి తీసేశామనే సంచి ఒకటి దొరికింది. లోపలి జాబితా చదవలేదు. పైగా దుకాణంలో పెరిగిన దాన్ని, బోణీ రహస్యం నాకు తెలుసు కదా! షట్టరు తీయగానే వచ్చిన మొదటి గిరాకీని ఎవరూ వట్టి చేతులతో పంపరు, కాస్త తగ్గించైనా ఇస్తారు. మార్కెట్ తెరిచే వేళకు అలారం పెట్టుకుని, ఎంతకైనా సరే అని ఆర్డరు కొట్టాను. రెండు వేల యూనిట్లు, సగటున ఒక్కోటి నూట మూడు.

రెండు నెలల తర్వాత ఓ ఆదివారం అక్క, బావ వచ్చారు. పోచారంలో ఐటీ ఉద్యోగం చేసే బావ నా ఫోన్ చూసి నవ్వాడు.

"మరదలా, నువ్వు కొన్ననాడు ఈ సంచిల సరుకు వంద రూపాయలదే. ఆ పైన మూడు రూపాయలు ఎవరికి దానం జేసినవ్?"

"బోణీ కదా బావా. అగ్గువకు ఇస్తరనుకున్న."

"గీ సంచి అమ్మేటోళ్లే తక్కువ, పొద్దుగాల ఇంకా తక్కువ. ఉన్నోడు చెప్పిందే ధర. నీ ధర నువ్వు రాసి పెట్టాలె గని, ఎంతకైనా సరే అంటరా? టమాటల కాడ గట్లనే అంటవా? ఇంకోటి, జల్లెడ పట్టినంక మిగిలినయి సగం ఐటీ కంపెనీలే. నా నౌకరి ఊగిననాడు నీ సంచి గూడ ఊగుతది."

అప్పటికే ఊగింది. సంచిలో సరుకు విలువ వంద నుంచి తొంభై ఆరుకు దిగింది.

వెల్లుల్లి ఒలుస్తున్న అమ్మ, "లోపల ఏమేమున్నయో సదువు" అంది. చదువుతూ పోయాను. ఒక చక్కెర మిల్లు దగ్గర ఆమె చెయ్యి ఆగింది.

"చెరుకు మడ్డి ఏం జేస్తున్నరో సూడు."

బావ వెతికాడు. చక్కెర తీయగా మిగిలిన ఆ మడ్డితో మిల్లు స్పిరిట్ కాచి మద్యం కంపెనీలకు అమ్ముతోంది. రాబడిలో అది కొద్ది భాగమే. అంతవరకు పర్వాలేదని ఫండ్ నియమాల్లోనే రాసి ఉంది. ఎవరూ మోసం చేయలేదు, నేనే చదవలేదు.

"కొద్దిగనే అమ్మా."

"బియ్యం బస్తా ఎనుక కొద్దిగ గుట్కా నేను గూడ పెట్టుకుందును. మనకు గూడ రెండంతస్తులు లేస్తుండె. రేపే అమ్మెయ్."

సోమవారం మధ్యాహ్నం ధర రాసి మరీ పెట్టాను. సరుకు విలువ తొంభై ఆరే ఉన్నా, తొంభై ఐదుకు మించి ఎవరూ రాలేదు. లక్షా తొంభై వేలు వచ్చాయి. పోయిన పదహారు వేలూ నేనే ఇస్తానంటే అమ్మ ఒప్పుకోలేదు.

"ధర పడితే నీ తప్పేంది? నీది నువ్వియ్యి, సాలు."

లెక్క వేశాం. సరుకు పడిన ఎనిమిది వేలు అమ్మవి. బోణీ తొందరకు ఆరు వేలు, జాబితా చదవనందుకు అమ్మకంలో తగ్గిన రెండు వేలు, బ్రోకరేజీ, పన్నులు నూట ఎనభై. నా వంతు ఎనిమిది వేల నూట ఎనభై. నూట ఎనభై వదిలేయమని బేరమాడాను. వదల్లేదు.