మా బావకు నేను చెప్పిన జన్యుపాఠం

పదో తరగతితో చదువు ఆగినా, అనకాపల్లి గ్రంథాలయంలో జీవశాస్త్రం అలమారా దాదాపు మొత్తం చదివానని నాకు గర్వం. సెల్‌ఫోన్లు మా ఇళ్లలోకి అప్పుడప్పుడే వస్తున్న రోజులవి.

మా అక్క భర్త బుచ్చయ్యపేట దగ్గర చెరకు రైతు. కొన్ని నెలలుగా ఆయనకు మలంలో రక్తం పడుతోంది. మూలశంకే అనుకుని ఏదో పసరు తాగుతున్నాడు. ఆడవాళ్లకు చెప్పే సంగతి కాదని అక్కకు చెప్పలేదు, నాకు చెప్పాడు. ఆయన తండ్రి నలభై దాటగానే పేగు క్యాన్సర్‌తో పోయాడు. ఆ ఇంట్లో ఆ పేరు ఎత్తరు, "కడుపులో పుండు" అంటారు. విశాఖపట్నం వెళ్లి పేగులోకి గొట్టం వేయించి చూపించుకోమని నేను, అక్కర్లేదని ఆయన.

పేగు లోపలి పొరలో సన్నని గుంటలుంటాయి. వాటి అడుగున కొత్త కణాలు పుట్టి, పైకి జరుగుతూ ముదిరి, కొద్ది రోజుల్లో రాలిపోతాయి. ఎక్కడ పెరగడం ఆపి పనిలో పడాలో చెప్పే జన్యువులు కొన్ని ఉన్నాయి. అవి పాడైతే కణం ముదరదు, పెరగడం ఆపదు. బుడిపె లేస్తుంది. అదే ఏళ్ల తరబడి మారి క్యాన్సర్ కావచ్చు. ఇలా చెప్పి ఊరుకోవలసింది. రైతుకు రైతు భాషలో చెప్పాలని నా తెలివి!

బెల్లం వండే పెనం దగ్గర కూర్చుని అన్నాను: "బావా, ఆ జన్యువులు వాలులో బండి జారకుండా కాసే జోడెద్దులు. అమ్మిచ్చిందొకటి, నాన్నిచ్చిందొకటి. మీ నాన్న ఇచ్చింది పుట్టు కుంటిదేమో."

పాకం కలుపుతూనే నవ్వాడు. "అయితే మాయమ్మిచ్చిన ఎద్దు ఉన్నాది కదేటి! ఒంటెద్దు బండి నడవదా బావా?"

పొయ్యిలో చెరకు పిప్పి ఎగదోస్తున్నవాడు అందుకున్నాడు. "లైబ్రరీ డాక్టరు గారూ, మా ఎద్దు నాడి కూడా సూడండి!"

కోట్ల కణాల్లో ఏ ఒక్కదానిలో రెండోది పాడైనా బుడిపె లేవడానికి చాలని గొంతు చించుకున్నాను. విననే లేదు. ఆ తర్వాత ఎప్పుడు కదిపినా, "నా రెండో ఎద్దు దుక్కలా ఉన్నాది" అనేవాడు. ఆ ధైర్యం ఇచ్చింది నేనే. ఏడాది గడిచిపోయింది.

ఒక ఉదయం బావ పంచె ఉతకబోతూ అక్క దాని మీద రక్తం చూసింది. సంచి సర్ది గుమ్మంలో నిలబడింది. "పెద్దాసుపత్రికి బస్సెక్కుతావా, నన్ను మాయమ్మింటికి పొమ్మంటావా?" ఆయన చొక్కా తొడుక్కున్నాడు.

విశాఖపట్నంలో చూశారు. వందల బుడిపెలు. ఒకటి అప్పటికే క్యాన్సర్ అయింది. పెద్దపేగు తీసెయ్యాలన్నాడు డాక్టరు. పిల్లలకూ వచ్చే వీలుందన్నాడు. ఏ జన్యువో నాకు తెలుసని చెప్పబోయాను.

అక్క నావైపు తిరిగింది. "ఇదంతా నీకు ముందే తెలుసా? మరి నాతో ఒక్క ముక్క సెప్పనేదేటిరా?"

నేను నోరు తెరిచేలోగా డాక్టరు వైపు తిరిగిపోయింది.

"పిల్లల్ని ఎప్పుడు తెమ్మంటారు బాబూ?"