కార్ట్రిజ్‌కు కుంకుమ బొట్టు

నా దగ్గర ఒక పాతకాలం చిన్న కంప్యూటర్ ఉంది. అగ్గిపెట్టెంత కార్ట్రిజ్ గుచ్చితేనే అందుల ప్రోగ్రాం నడుస్తది. నెలల తరబడి వెతికితే దొరికిన ఆ కార్ట్రిజ్ ఇయ్యాల పార్సిల్‌ల వస్తే అమ్మ తీసుకొని విప్పి పెట్టింది.

పొద్దంత మిల్లుల మగ్గాల మోత విని, బమ్రోలి బస్తీల ఉన్న మా రూముకొచ్చి దాన్ని గుచ్చిన. స్క్రీన్ మీద ఏం రాలే. తీసి చూస్తే కరెంటు తగిలే రాగి పండ్ల నిండ తడి కుంకుమ.

"ఏందమ్మా గిది?"

"కొత్త సామాను గద. మగ్గానికైతే పోగు ఎక్కే కాడ బొట్టు పెడ్తం. దీనికి లోపలికి పోయే కాడ పెట్టిన."

తిట్టే ఓపిక లేదు. స్పిరిట్ గుడ్డతోని మెల్లగ తుడిచి మళ్ల గుచ్చితే నడిచింది.

అమ్మ తొంగి చూసి, "చూసినవా, బొట్టు పెట్టినంకనే నడిచింది" అన్నది.

అవునమ్మా అన్న. మీరైతే ఏమనేటోళ్లు?