తువ్వాల కింది చేయి

అన్నకు ఇల్లొచ్చింది, నాకు అనుమానమొచ్చింది. మా బాపు నుంచి మేం పంచుకున్న ఆస్తి అదీ.

బాపు పశువుల అంగడిలో దళారి. వర్ధన్నపేట చుట్టుపక్కల ఎడ్లు అమ్మేవాళ్లకూ కొనేవాళ్లకూ మధ్య బేరం కుదిర్చేవాడు. ఆ బేరం నోటితో జరగదు. ఇద్దరి చేతుల మీద తువ్వాల కప్పి, దాని కింద వేళ్లు పట్టుకుని ధర చెప్పుకుంటారు. చుట్టూ ఎంతమంది మూగినా ఏం నడుస్తుందో తెలియదు. అరచేయి మొత్తం గట్టిగా పట్టుకుంటే ఒప్పుకున్నట్టు. పిడికిలి ముడిచి వెనక్కి లాక్కుంటే బేరం లేనట్టు. చిన్నప్పుడు నాకు ఇదంతా ఆటలాగా నేర్పాడు. జామపండు కావాలన్నా తువ్వాల కిందే అడగాలి. నోరు తెరిచి అడిగితే, "నోటితోని అడిగేటోళ్లను నేను నమ్మ బిడ్డా" అని నవ్వేవాడు.

అందుకే రోగం మొదలైనప్పుడు మేం గుర్తుపట్టలేదు. కుడిచేతి బొటనవేలు ఊరికే చూపుడువేలి మీద రాసుకుంటూ ఉండేది. "అంగడి ఇడిశిపెట్టినా బేరం ఇడిశిపెట్టలే" అని అమ్మ ఎక్కిరించేది. మేమూ నవ్వేవాళ్లం. చేతిమీద తువ్వాల కప్పుకుని అరుగు మీద కూర్చుంటే పాత అలవాటే అనుకున్నాం. వణుకు దాచుకుంటున్నాడని ఒక్కరికీ తట్టలేదు. పాలవాణ్ణి, కూరగాయలామెను, ఆఖరికి చుట్టాలను కూడా అనుమానించే ఇల్లు మాది. అనుమానించాల్సిన ఆ ఒక్కదాన్నీ వదిలేశాం. నడక చిన్నదై, మాట గొంతులోకి దిగిపోయాక గానీ దవాఖానకు తీసుకుపోలేదు. పార్కిన్సన్స్ అన్నారు.

కొన్నేళ్లు గోలీలు పనిచేశాయి. తర్వాత మతి తప్పడం మొదలైంది. గోడ పక్కన ఎవరో నిలబడ్డారనీ, ఎడ్లను తోలుకపోతాండ్రనీ అనేవాడు. ఒకరోజు అమ్మ అన్నం పెట్టబోతే కంచం నెట్టేశాడు.

"ఈమె మీ అమ్మ గాదు. మీ అమ్మ చీర కట్టుకున్నది. బువ్వల ఏందో కలుపుతాంది."

అమ్మ వంటింట్లోకి పోయి ఏడ్చింది. మళ్లీ వచ్చి, అదే కంచంలోంచి తనో ముద్ద తిని చూపించింది. "నమ్మకుంటే నమ్మకు. జర తిను" అంది. బాపు ఆమె ముద్ద మింగేదాకా కన్నార్పకుండా చూశాడు.

హనుమకొండలో నరాల డాక్టరుకు చూపించాం. తలలో తీగలు పెట్టే ఆపరేషన్ వీడియోను అన్న ఫోన్లో చూసి ఉన్నాడు. అదే అడిగాడు. "అది అందరికీ పనికిరాదు. మతి ఇంతగా దెబ్బతిన్నాక చేస్తే మేలు కంటే కీడే ఎక్కువ" అన్నాడు డాక్టరు. మా అరిగిన చెప్పులు చూసి ఆ మాట అన్నాడేమోనని నాకు అనుమానం. పైగా ఉన్న మందుల్లోంచి ఒకటి కొట్టేశాడు. వణుకు కోసం ఏళ్లుగా వేస్తున్న ఆ గోలీయే మతిని ఇంకా గజిబిజి చేస్తుందట. బదులుగా మతి కోసం వేరేది రాసి, ఇది కొంచెం తేటపరుస్తుందే తప్ప రోగాన్ని వెనక్కి తిప్పదని చెప్పాడు. మందు పెంచే డాక్టర్లనే చూశాను, తగ్గించేవాణ్ణి అప్పుడే చూడటం. ఎవరికీ చెప్పకుండా ఆ చీటీ ఇంకో డాక్టరుకు చూపించాను. ఆయనా అదే మాట అన్నాడు. ఇద్దరూ దోస్తులేమో అనుకున్నాను.

కానీ గోడ పక్కన మనుషులు నిలబడటం తగ్గింది. చెప్పొద్దూ, నాకు చాలా సంతోషమేసింది.

తర్వాతిసారి పోయినప్పుడు, ఎన్నాళ్లుంటాడని అడిగాను. "ఎవరూ చెప్పలేరమ్మా. ఇది ముందుకే పోతుంది. మింగడం కష్టమవుతుంది. తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోయి జ్వరమొస్తుంది. అప్పుడేం చేయాలో ఇప్పుడే మాట్లాడుకోండి" అన్నాడు. మేం మాట్లాడుకోలేదు. ఆటోలో అన్న ఫోన్ చూస్తూ కూర్చున్నాడు, నేను రోడ్డు చూస్తూ కూర్చున్నాను.

వానాకాలంలో అదే జరిగింది. జ్వరం, ఊపిరాడని దమ్ము. దవాఖానలో తిండి పోయడానికి ముక్కులోంచి గొట్టం వేశారు. బాపు పీకేశాడు. మళ్లీ వేసి, ఈసారి రెండు చేతులూ బట్టతో మంచానికి కట్టేశారు. జ్వరం దిగింది. ఇక కడుపుకే గొట్టం వేయిద్దామని అన్న పట్టుబట్టాడు. "ఆకలితోని సంపుకుంటమా?" అన్నాడు.

డాక్టరు మెల్లగా చెప్పాడు. "గొట్టం వేసినా ఉమ్మి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఈ దశలో దానివల్ల ఎక్కువ కాలం ఉంటారని నేననను. జాగ్రత్తగా, ఆయనకు ఇష్టమైనంత నోటితో తినిపించడమూ వైద్యమే. ఆయన ఏం కోరుకునేవారో మీకే తెలుసు."

మాకు తెలియదు. కోరింది నోటితో చెప్పే మనిషైతే కదా. డాక్టరు చేతులు దులుపుకుంటున్నాడని నా అనుమానం. నలుగురూ ఏమంటారోనని అన్న భయపడుతున్నాడని ఇంకో అనుమానం. ఈ చాకిరీ ఎప్పుడు తీరుతుందా అని నేనే చూస్తున్నానేమోనని నా మీద నాకు కూడా.

మధ్యాహ్నం నర్సును బతిమాలి కుడిచేయి కట్టు విప్పించాను. కట్టిన చోట చర్మం కమిలి ఉంది. సంచిలోంచి బాపు తువ్వాల తీసి మా ఇద్దరి చేతుల మీద కప్పాను. రెండో చేత్తో గొట్టాన్ని ముట్టి చూపించాను.

"ఇది ఉండాల్నా బాపూ?"

వేళ్లు వణికాయి. తర్వాత ముడుచుకున్నాయి. పిడికిలి వెనక్కి పోయింది.

"రోగానికి చెయ్యి గుంజుకుంటది. దాన్ని నువ్వు మాట అనుకుంటానవా?" అన్నాడు అన్న.

నాకూ అదే అనుమానం. అయితే చేయి లాక్కున్నవాణ్ణి దళారి అంతటితో వదిలిపెట్టడు. పిడికిలి మీద బొటనవేలితో గీకి, బేరం మార్చి మళ్లీ అడుగుతాడు. నేనూ గీకాను.

"ఇంటికి పోదాం. నా చేతితోని తినిపిస్త. తింటవా?"

ముడిచిన పిడికిలి ఎంతోసేపు అలాగే ఉంది. తర్వాత ఒక్కో వేలూ విచ్చుకుని, నా అరచేయిని మొత్తంగా పట్టుకుంది.

"ఏమన్నడు?" అన్నాడు అన్న. చెప్పాను. నమ్మలేదు, నా అన్నే కదా. తువ్వాల ఎత్తి చూశాడు. ఆ పట్టు చూసి తువ్వాల మళ్లీ కప్పేశాడు. ముఖం తుడుచుకుని డాక్టరు దగ్గరికి పోయాడు.

ఇప్పుడు బాపు కాశిబుగ్గలో నా దగ్గరే ఉన్నాడు, అమ్మ కూడా. గోలీ పనిచేసి ఒళ్లు వదులైన వేళ చూసి, నిటారుగా కూర్చోబెట్టి, చిక్కటి జావ స్పూనుతో పెడతాను. దగ్గొస్తే ఆపేస్తాను. ఎక్కువ కాలం ఉండడని నాకు తెలుసు.

"ఎవలు నువ్వు?" అంటాడు, దగ్గరికి వంగితే గానీ వినబడనంత చిన్నగా.

"నీ బిడ్డనే బాపూ."

నోటితో చెప్పాను కదా, నమ్మడు. పళ్లు బిగపట్టి స్పూను వంక అనుమానంగా చూస్తాడు. అప్పుడు తువ్వాల కప్పి చేయి చాస్తాను. వెతుక్కుని వెతుక్కుని నా అరచేయి పట్టుకుని, నోరు తెరుస్తాడు. ఆ పట్టు నమ్మకమో రోగమో నాకు ఇప్పటికీ అనుమానమే. గిన్నె ఖాళీ అయ్యాక కూడా చేయి మాత్రం నేను ముందుగా తీయను.