దొరల గుడిలో మనవాళ్ళను వెతికిన మేష్టారు

కిందటి వారం ఒక ఉదయం కాఫీ గ్లాసు పట్టుకుని అరుగు మీద కూర్చున్నాను. ప్రసాద్ ఫోన్ చేశాడు. అతను మా పూర్వ విద్యార్థి, ఇప్పుడు చోడవరంలో ఇళ్ళు కట్టించే కాంట్రాక్టరు. "పంతులుగారూ, దేవసహాయం మేష్టారు లేరండి" అన్నాడు. "ఇంట్లో లేకపోతే గుడి దగ్గరుంటారు, అక్కడ చూడు" అన్నాను. అవతల అతను ఏడుస్తున్నాడని అర్థం కావడానికి నాకు కాస్త సమయం పట్టింది. పేపరు చదువుతూ చదువుతూ కుర్చీలోనే ఒరిగిపోయారట.

అశనిపాతం, తీరని లోటు, దివికేగిన ధ్రువతార. తెలుగు పండితుణ్ణి కనుక ఇలాంటి సందర్భాలకు నా దగ్గర మాటల కరువు లేదు. ఊళ్ళో ఎవరు పోయినా సంతాపసభకు నన్నే పిలుస్తారు, ఆ మాటలన్నీ వాడి వాడి అరగదీశాను. తీరా నా మిత్రుడి వంతు వచ్చేసరికి వాటిలో ఒక్కటీ పనికిరాలేదు. అందుకని ఆయన ఎలాంటివారో చెబుతాను, లోటు ఎంతటిదో చదివేవారే తేల్చుకోండి.

ఉన్నత పాఠశాలలో ఆయన సాంఘికశాస్త్రం, నేను తెలుగు. పక్కపక్క గదులు. ఆజానుబాహువు, మేఘగంభీరమైన కంఠం. ఆ కంఠం గోడ దాటి నా తరగతిలోకి వచ్చేది, నా పిల్లలు నా సంధులు వదిలేసి ఆయన సామ్రాజ్యాలు వినేవారు. "మేష్టారూ, మీ యుద్ధం కాస్త నెమ్మదిగా చెయ్యండి, నా సవర్ణదీర్ఘం చెదిరిపోతోంది" అని ఒకసారి తగువుకు వెళ్ళాను. "సప్పుడు లేకండా యుద్ధం ఎలాగ సెయ్యమంటారు పంతులుగారూ? మీరే ఓ పద్యం ఎత్తుకోండి, సూద్దాం ఎవరు గెలుస్తారో" అన్నారు. అక్కడ మొదలైంది మా స్నేహం. బడి వదిలాక గుడి మెట్ల మీద కూర్చుని వాదించుకోవడం, చీకటి పడ్డాక వాదన తెగకుండానే ఇళ్ళకు పోవడం మా దినచర్య అయింది.

గుడి అంటే ఆయన గుడి. మా ఊళ్ళో ఇప్పటికీ దాన్ని దొరల గుడి అనే అంటారు. ఆంగ్లేయుల హయాంలో ఇక్కడ కొలువు చేసిన అధికారులు తమ ఆరాధన కోసం కట్టించుకున్న ఆంగ్లికన్ దేవాలయం, అంటే చర్చి. మూరల మందం గోడలు, వంపు తిరిగిన నిలువెత్తు కిటికీలు, బండెడు బరువున్న టేకు దూలాలు. మిట్టమధ్యాహ్నం రోడ్డు మీద చెరకు లారీలు దుమ్ము రేపుతుంటే, లోపల అడుగుపెట్టగానే దేహమూ మనసూ ఒక్కసారి చల్లబడతాయి. నేను నిత్యం సంధ్యావందనం చేసుకునేవాణ్ణి. అయినా అక్కడ నా గొంతు దానంతటదే తగ్గిపోయేది.

లోపలి గోడలకు పాలరాతి ఫలకాలున్నాయి. ఫలానా దొర జ్ఞాపకార్థం, ఫలానా దొరసాని జ్ఞాపకార్థం. మేష్టారు ఏటా తొమ్మిదో తరగతి పిల్లల్ని అక్కడికి తీసుకువెళ్ళి, ప్రతి ఫలకాన్నీ గంభీరంగా చదివి, తెలుగులో అర్థం చెప్పి, చివర్న ఒక ప్రశ్న అడిగేవారు. "ఒరే, ఇన్ని పేర్లున్నాయి కదా, ఇందులో మనోడి పేరు ఒక్కటైనా ఉందేటి?" పిల్లలు తలలు పైకెత్తి వెతికి "లేదండీ" అనేవారు. "మరి ఈ గోడలు దొరే కట్టేడా? దొర సున్నం తట్ట మోసేడా?" పిల్లలు నవ్వేవారు. ఆయన మాత్రం నవ్వేవారు కాదు. "ఎతకండి. నేనూ ఎతుకుతన్నాను" అనేవారు.

అది ఉత్తుత్తి మాట కాదు. ఆ కట్టినవారి జాడ కోసం ఆయన జీవితమంతా వెతికారు. సెలవులొస్తే విశాఖపట్నం, మద్రాసు. పాత దస్తావేజులన్నీ దుమ్ము దులిపి చూశారు. దూలాలు ఏ ఓడలో వచ్చాయో దొరికింది, గంట ఎవరు బహూకరించారో దొరికింది. కూలీల గురించి "స్థానిక శ్రామికులు" అన్న రెండు ముక్కలకు మించి ఎక్కడా ఏమీ లేదు. ఊరికి తిరిగొచ్చి మెట్ల మీద కూలబడి, "గంటకి సరిత్ర ఉంది పంతులుగారూ, మడిసికి లేదు" అన్నారొకసారి.

చరిత్ర విషయంలో ఆయన మహా మొండి. చర్చి సంఘపెద్దలు ఉత్సాహపడి, గుడి వయసు కొంచెం ఎక్కువ వేసి ముఖద్వారం మీద బోర్డు పెట్టించారు. మేష్టారు స్వయంగా నిచ్చెన వేసుకుని దాని మీద రంగు పూసేశారు. "అబద్దానికి అమ్మా బాబూ ఉండరు. అలాటిదాన్ని దేవుడి గుమ్మానికి కడతారేటి?" అని వాళ్ళనే చివాట్లు పెట్టారు. ఇంకొక సంగతి. దొరల కాలంలో నల్లవాళ్ళకు లోపల చోటు లేదు, వరండాలో నిలబడే ప్రార్థన వినాలి. ఈ మాట పిల్లలకు ఎందుకు చెప్పడం, మనకే నామోషీ కదా అన్నారు కొందరు. అప్పుడు ఆయన అన్న మాట నాకు శిలాక్షరం. "సిగ్గు నిలబడ్డోడిది కాదు బాబూ, నిలబెట్టినోడిది."

ఇంతటి మనిషికి ముసలితనంలో అసలైన పరీక్ష వచ్చింది. వెనకటి పెద్దలు గుడి మీద ప్రేమకొద్దీ పడమటి గోడకు సిమెంటు పూత పూయించారు. పాత సున్నపు గోడకు సిమెంటు పడదు, లోపలి చెమ్మ బయటికి పోయే దారి లేక గోడ ఉబ్బింది, పెచ్చులు రాలాయి. వానాకాలం వస్తే లోపల బల్లలు తడిసేవి. గుడి కూల్చేసి స్లాబు వేసి పెద్ద హాలు కడదామని సంఘంలో మాట పుట్టింది. ఆ మాటకు నాయకుడు ఎవరనుకున్నారు? మన ప్రసాదే.

సంఘం కూటం జరిగిన రోజు నేను వరండాలో కూర్చుని అంతా విన్నాను. ప్రసాద్ గురువుగారి పాఠాన్నే గురువుగారి మీద ప్రయోగించాడు. "మనోల్ని బయట నిలబెట్టిన గుడండి ఇది. మీరే సెప్పేరు మాకు. దొరలు కట్టుకున్నారు, దొరలు పోయేరు. ఇంకా మనకెందుకండి ఇది?" జనం ఔనన్నారు. నాకైతే ఆ మాట సబబుగానే తోచింది. మేష్టారు లేచి నిలబడ్డారు. ఆ కంఠం వణకడం నేను మొదటిసారి విన్నాను.

"ఒరే ప్రసాదూ, నువ్వన్నదాంట్లో అబద్దం లేదు. ఈ ఫలకాలన్నీ ఊడబీకి పట్టుకుపోండి, నేను అడ్డు రాను. గోడలు మాత్రం దొరవి కావురా. కట్టినోల్లెవరో నేను ఇప్పటికీ సెప్పలేకపోతన్నాను, అది నా సేతకానితనం. కాగితంలో దొరకలేదు. ఇంక మిగిలింది ఈ గోడలే. ఇవీ కూల్చేస్తే మరి ఎక్కడ ఎతకను?" పెద్దల వైపు తిరిగి, "ముందు సిమెంటు ఒలిపించండి. లోపలి గోడ గుల్లయిపోయుంటే మొదటి గునపం నేనే ఏస్తాను" అన్నారు.

పందెం చిన్నది కాదు. గోడ గుల్ల అయితే ఆయన బతుకంతా చేసిన పని అక్కడితో మట్టిలో కలుస్తుంది.

సిమెంటు ఒలిచిన రోజు ప్రసాద్ తనే గునపం పట్టాడు. పెచ్చులు దబదబా రాలాయి. కింద పాత సున్నపు పూత బయటపడింది, గుడ్డు పెంకులా నున్నగా. గునపం తగిలితే ఖంగుమంది తప్ప దిగలేదు. మేష్టారి భార్య సుగుణమ్మగారు మిగతా ఆడవాళ్ళతో కలిసి గోడకు అంటిన దుమ్ము చీపురుతో దులుపుతున్నారు. ఉన్నట్టుండి ఆగిపోయారు.

"ఏవండీ, ఓపాలి ఇలా రండి. ఇందులో గాజు ముక్కుంది."

సున్నంలో ఇరుక్కుని ఆకుపచ్చటి మట్టిగాజు ముక్క, చిటికెన గోరంత. ఆ పక్కనే మరొకటి, ఎర్రది. ఆడవాళ్ళంతా గోడకు ముఖాలు ఆనించి చూడసాగారు. ఇక్కడొకటి, అక్కడొకటి. "సున్నం రుబ్బినప్పుడు సెయ్యి తగిలి పగిలుంటాయి. తీసి పారేసే తీరికేది పాపం, అందులోనే కలిసిపోయేయి" అన్నారు సుగుణమ్మగారు.

మేష్టారు కళ్ళజోడు తీసేసి అరచెయ్యి గోడకు ఆనించారు. తర్వాత నా వైపు తిరిగి "పంతులుగారూ, దొరికేరు" అన్నారు. "ఇన్నేళ్ళూ రాళ్ళు సదివేనండి. ఈల్లు గోడలోనే ఉన్నారు."

పేర్లు లేవు, ఊళ్ళు లేవు. ఏ రోలుగుంట నుంచి వచ్చారో, ఏ చీడికాడ నుంచి వచ్చారో, ఏ దేవుణ్ణి కొలిచారో తెలియని తల్లులు. వాళ్ళు కట్టిన గుడిలోకి వాళ్ళకే ప్రవేశం లేకపోయింది, వాళ్ళ గాజులు మాత్రం శతాబ్దం దాటి అందులోనే ఉన్నాయి. నా చేతులు నాకు తెలియకుండానే జోడింపబడి ఉన్నాయి. ప్రసాద్ గునపం గోడకు చేర్చి, వెళ్ళి మేష్టారి పక్కన నిలబడ్డాడు. కూల్చే మాట ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు.

గోడకు మళ్ళీ పాత పద్ధతిలోనే పూత వేశారు, గాజులు కనబడేలా వదిలి. బుచ్చయ్యపేట రైతులు, మా ఇద్దరి పాత శిష్యులే, బెల్లం దిమ్మలు పంపారు. కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు కలిపి సున్నం రుబ్బారు. ఊళ్ళో చీమలన్నీ బారులు తీరి వచ్చాయి. "మీ దేవుడికి నైవేద్యం పెట్టడం ఇప్పటికి తెలిసిందన్నమాట" అన్నాను. "మీరూ ఓ తట్ట ఎత్తండి పంతులుగారూ, పుణ్యం ఊరికే వస్తాదేటి" అన్నారు. ఎత్తాను. నడుము వారం రోజులు పట్టేసింది.

మేధావులను చూశాను, వక్తలను చూశాను, బిరుదాంకితులను బోలెడుమందిని చూశాను. తనకు తెలియనిది తెలియదని నిండు సభలో ఒప్పుకుని, ఆ తెలియనిదాని కోసమే జీవితాన్ని ధారపోసినవాణ్ణి ఈయన్నొక్కణ్ణే చూశాను. అటువంటి వారి పాదాలకు నమస్కరించడానికి మతం అడ్డు రాదు, వయసు అడ్డు రాదు. నేను ఆయన కంటే రెండేళ్ళు పెద్ద. నమస్కరిస్తున్నాను.

భూస్థాపన అయిన మూడో రోజు గుడికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానంటే చెప్పలేను, సాయంత్రమైతే కాళ్ళు అటే నడుస్తాయి. మెట్ల మీద కూర్చున్నాను. కొండల వైపు పోతున్న ఎవరో పట్నం దంపతులు కారు ఆపి, ఫొటోలు తీసుకుని, గేటు దగ్గరున్న ప్రసాద్‌ను అడిగారు. "చాలా పాత చర్చిలా ఉందే. బ్రిటిష్ వాళ్ళు కట్టారా?"

"డబ్బులు దొరలవేనండి" అన్నాడు ప్రసాద్. "కట్టింది మాత్రం మా అమ్మలండి. రండి, సూపిస్తాను."

"విన్నారా మేష్టారూ" అంటూ పక్కకు తిరిగాను. అప్పటిదాకా నాకు ఏడుపు రాలేదు.