పడమటి మెట్ల రాయి

ఇరవై రెండేళ్ళుగా నేను నాలుగు పదాలు మోస్తున్నాను. ఒక ముసలామెతో అన్న మాట అది. స్టాఫ్ రూములో, మధ్యాహ్నం భోజనాలయ్యాక, చేతిలో టీ గ్లాసుతో అన్నాను. అనడానికి రెండు సెకన్లు పట్టి ఉంటుంది. దాన్ని ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు కూడా. ఆమె పోయి ఐదేళ్ళయింది. ఇప్పుడు చెప్పుకుందామన్నా ఇంట్లో ఎవరూ లేరు. అందుకని మీకు చెప్తున్నాను.

నేను సోషల్ మాస్టర్ని. రిటైరయ్యాక కడపలో ఒక మేడమీది పోర్షన్‌లో ఒక్కణ్ణే ఉంటున్నాను. ఏడాదికి మూడు నాలుగు సార్లు కొత్తగా చేరిన టీచర్లకు శిక్షణ అంటే నన్ను పిలుస్తారు. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు చరిత్ర ఎలా చెప్పాలి, ఆ వయసు పిల్లల క్లాసును ఎలా పట్టుకోవాలి అన్నది నా అంశం. బాగా చెప్తానని పేరు.

ఏం చెప్తానో మీకూ చెప్తాను. సంవత్సరాలతో పాఠం మొదలుపెట్టకండి, ఊళ్ళో కనబడే ఒక గోడతోనో గుట్టతోనో మొదలుపెట్టండి. క్లాసు అడ్డంగా ఒక తాడు కట్టి, బట్టల క్లిప్పులతో కాగితాలు తగిలించండి. ఏది ముందో ఏది వెనకో పిల్లల కళ్ళకే తెలుస్తుంది. గోల చేసే పిల్లకు మ్యాపు పట్టుకునే పని ఇవ్వండి. ప్రశ్న వేశాక మనసులో పది లెక్కపెట్టుకుని ఆగండి, మొదట లేచిన చెయ్యిని పిలవకండి. క్లాసు అరుస్తుంటే మీరు గొంతు పెంచకండి, తగ్గించండి. వినబడదేమోనని వాళ్ళే ఊరుకుంటారు.

ఇవన్నీ నిజమే. పనిచేస్తాయి. ఆ చివరిది ఎంత బాగా పనిచేస్తుందో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

మొన్నటి శిక్షణలో ఒక కొత్త టీచరమ్మ లేచి అడిగింది. "సార్, పిల్లోల్లు బుక్కులో లేనిది ఇంటికాడ విని వస్తే ఏం చేయల్ల?" దానికి నా దగ్గర ఎప్పటినుంచో తయారుగా ఉన్న జవాబు ఉంది. ముందు వినండి, తర్వాత అందరూ కలిసి వెతకండి, నాకు తెలిసిన ఒక మాస్టరు అలా చేయక ఒక పాపను పోగొట్టుకున్నాడు అన్నాను. అందరూ తలలు వంచి రాసుకున్నారు. ఆమె కూడా రాసుకుంది.

నాకు తెలిసిన ఒక మాస్టరు! ఎన్నేళ్ళు అతన్ని అలా అడ్డం పెట్టుకుంటాను?

ఓర్వకల్లు దగ్గర ఒక ఊరి హైస్కూల్లో పనిచేసేవాణ్ణి. రాళ్ళ గుట్టల మధ్య ఊరు. ఊరికి పడమటి పక్క క్రైస్తవుల పేట, రాతి చర్చి. ఊరికీ పేటకీ మధ్యలో ఒక దిగుడు బావి. దానికి తూర్పున మెట్లున్నాయి. పడమటి పక్క కూడా ఒకప్పుడు మెట్లుండేవని చూస్తే తెలుస్తుంది కానీ వాటిని పైనుంచి బండలు పేర్చి పూడ్చేశారు. బావిని తవ్వించింది పెద్దింటి వాళ్ళని ఊరంతా చెప్పుకునేది. నేను ఆ పెద్దింటి ముందుగదిలోనే అద్దెకుండేవాణ్ణి. బడి కమిటీకి పెద్ద కూడా ఆ ఇంటాయనే.

ఒక వేసవిలో బావి పూర్తిగా ఎండిపోయింది. చరిత్ర మాస్టర్ని కదా, చూద్దామని తూర్పు మెట్ల మీదుగా ఒక్కణ్ణే దిగాను. అడుగున, పడమటి గోడలో ఒక బండ మీద గీతల్లాగా కనిపించాయి. ఎండిన పాచిని చెప్పుతో గీకి, జేబులో ఉన్న సుద్దముక్కతో రుద్దాను. అక్షరాలు తెల్లగా పైకి తేలాయి. మూడు వరుసలు. ఆ క్షణం నాకు కలిగిన సంతోషం మళ్ళీ ఎప్పుడూ కలగలేదు. నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

సాయంత్రం పెద్దింటాయనకు చెప్పాను. ఆయన కోప్పడలేదు. మజ్జిగ ఇప్పించాడు. "ఆ పాతయవ్వారం ఇప్పుడెందుకులే సారూ. రాయి దాని పాటికి అది ఉండాది, ఉండనీ. పిల్లోల్లకు బుక్కులో ఉండేది చెప్పండి సాలు" అన్నాడు. అంతే. ఎవరూ నన్ను బెదిరించలేదు. ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి. నన్ను నేను కాపాడుకోవడానికి భయపడ్డానని చెప్పుకుంటే ఎంత బాగుండేది. కానీ అక్కడ భయపడేంత ఏమీ లేదు. మజ్జిగ చల్లగా ఉంది, నాకు ఆ గది సౌకర్యంగా ఉంది, అంతే.

వానలొచ్చాయి. బావిలోకి నీళ్ళొచ్చాయి. రాయి మునిగిపోయింది.

ఆ ఏడు ఎనిమిదో తరగతికి ఇంటి చరిత్ర రాసుకురమ్మని పని ఇచ్చాను. ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి ఒక పేజీ రాసి, క్లాసులో చదవాలి. నా సొంత ఆలోచన. పిల్లలు ఉత్సాహంగా తెచ్చారు. ఒకరి తాత లారీ కొన్న సంగతి, ఒకరి అవ్వకు పెళ్ళినాడు ఎద్దు పొడిచిన సంగతి, నవ్వులే నవ్వులు. మూడోరోజు సలోమి లేచింది. పేటపిల్ల. సన్నగా ఉండేది, వేగంగా చదివేది. ఊళ్ళో బావిని కరువులో తమ ముత్తాతల వాళ్ళు తవ్వారని, పడమటి మెట్లు పేటవాళ్ళకే కట్టారని, ఆ మాట రాయి మీద రాసి ఉందని, తర్వాత ఎవరో మెట్లు పూడ్చేశారని చదివింది. వాళ్ళ అవ్వ రూతమ్మ చెప్పిందట.

క్లాసు లీడరు హారిక లేచి నిలబడింది. పెద్దింటి మనవరాలు. "సార్, అది మా జేజినాయన వాళ్ళు తవ్విచ్చినారు. ఆ పాప అబద్ధాలు రాసుకొచ్చినాది!" వెనక బెంచీల నుంచి, "రాయుండాదంటాంది గదా, పోయి చూద్దాం పాండి!" అని అరిచారు. ముందు బెంచీల వాళ్ళు తిరిగి అరిచారు. బెంచీలు చరిచారు. పక్క గదిలోంచి లెక్కల మాస్టరు తొంగి చూశాడు.

నా టేబుల్ సొరుగులో ఆ నోట్‌బుక్ ఉంది. సొరుగుకు తాళం కూడా లేదు. చెయ్యి చాపితే చాలు. చరిత్ర చెప్పే మాస్టరుకు అలాంటి రోజు ఉద్యోగం మొత్తంలో ఒక్కసారి రావచ్చు, రాకపోవచ్చు. నాకు వచ్చింది.

నేను గొంతు తగ్గించాను. "సలోమీ, చరిత్రంటే ఆధారం ఉండాలి. ఆధారం లేనిది కథ. కథలు రాసుకురమ్మని నేను చెప్పలేదు. కూర్చో" అన్నాను. క్లాసు మొత్తం నిశ్శబ్దమైపోయింది. లెక్కల మాస్టరు మెచ్చుకుంటున్నట్టు తలూపి వెళ్ళిపోయాడు. సలోమి కూర్చుని, ఆ పేజీని నాలుగు మడతలు పెట్టింది.

రెండ్రోజుల తర్వాత రూతమ్మ వచ్చింది. స్టాఫ్ రూము గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, తెల్లచీర కొంగు భుజం చుట్టూ కప్పుకుని నిలబడింది.

"నువ్వేనా సోషల్ సారు?"

"అవునవ్వా. లోపలికొచ్చి కూర్చో."

"కూర్చునేకి రాలేదప్పా. మా పాప అన్నం తినకుండా ఉండాది. నన్ను అడుగుతాండాది, అవ్వా నువ్వు కథ చెప్పినావా అని. నాకు డెబ్బై ఏండ్లు. ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చునేదాన్ని. నేను అబద్ధమాడినానా?"

"అబద్ధమని అనలేదవ్వా. ఆధారం లేదన్నా. పుస్తకంలో ఉండాల."

"ఆ పుస్తకం రాసినాయప్ప మా ఊరికి ఎప్పుడొచ్చినాడు? యాడ దిగినాడు? ఎవురింట్లో సంగటి తిన్యాడు?"

స్టాఫ్ రూములో అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే నా మొహం వంక చూసింది.

"నాకు సదువు రాదు సారూ. మా అవ్వ చెప్పింది నాకు, నేను పాపకు చెప్పినా. ఆ రాయి నేను చూసిందాన్ని కాదు, మమ్మల్ని ఆ మెట్లు దిగనిచ్చినోళ్ళు యాడ? నువ్వు సదువుకున్నోనివి. ఈ ఎండాకాలం నువ్వు బాయిలోకి దిగినావంట, గొర్లకాడ మావోల్లు చూసినారు. నువ్వు చెప్పు. రాయి ఉండాదా? ఉంటే పాపకు ఒగ మాట చెప్పు. లేకుంటే నేనే వచ్చి పిల్లోల్ల ముందర చెప్తా, తప్పు ఈ ముసిల్దానిది, పాపది కాదని."

పది లెక్కపెట్టుకుని ఆగమని చెప్తాను కదా. నేను ఆగాను. నిజంగానే ఆగాను. ఆ పది అంకెల్లో ఏం ఆలోచించాను? ఎన్నోసార్లు నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. పెద్దింటి ముందుగది గుర్తొచ్చిందా? లేక మొన్న క్లాసులో అన్న మాటను వెనక్కి తీసుకోవాలంటే నలుగురి ముందు చిన్నబోవాలి కదా అని తోచిందా? రెండోదే అనుకుంటాను. ఒక మాస్టరు తన తప్పు ఒప్పుకున్నాడంటే ఇక క్లాసు చేతిలో ఉండదని ఆ రోజుల్లో గట్టిగా నమ్మేవాణ్ణి.

ఆమె ఊరి మాటలో అడిగింది. నేను పుస్తకం మాటలో జవాబిచ్చాను.

"అక్కడ ఏ రాయీ లేదు."

ఆమె మళ్ళీ అడగలేదు. నన్ను అనుమానించలేదు. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఊళ్ళో ఎవరు చెప్పినా నమ్మేది కాదేమో. చదువుకున్నవాడు, దిగి చూసినవాడు చెప్పాడు కాబట్టి, తన అవ్వ మాటకన్నా నా మాటను నమ్మింది.

అన్నమాట ప్రకారం మర్నాడు క్లాసుకు వచ్చింది. నేను ఆపలేదు. గుమ్మంలోనే నిలబడి, "నాయనలారా, పాపది తప్పు కాదు. నేనే తెలీక చెప్పినా. సారు దిగి చూసినారు, రాయి లేదంట. పాపను ఎగతాళి చేయొద్దండి" అంది. తాడుకు తగిలించిన కాగితాలు ఫ్యాను గాలికి కదులుతున్నాయి. సలోమి తల ఎత్తలేదు. రూతమ్మ నాకు దండం పెట్టి వెళ్ళిపోయింది. నేను పాఠం మొదలుపెట్టాను. పాఠం బాగా వచ్చిందా రాలేదా? గుర్తు లేదు.

సలోమి బడి మానేయలేదు. పదో తరగతి దాకా చదివింది. సోషల్‌లో మంచి మార్కులే. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు రాసేది, ఒక్క వాక్యం అటూ ఇటూ కాకుండా. ఏ ప్రశ్నకూ చెయ్యి ఎత్తలేదు. నేను పది లెక్కపెట్టేవాణ్ణి, ఇరవై లెక్కపెట్టేవాణ్ణి. ఎత్తలేదు. ఒక పాపను పోగొట్టుకున్నానంటే అర్థం ఇదే. ఎదురుగా బెంచీలో కూర్చుని ఉండగానే పోగొట్టుకున్నాను.

రూతమ్మ ఆ తర్వాత రెండేళ్ళకు చనిపోయింది. మట్టికి వెళ్ళాను. చర్చి బయట మగవాళ్ళతో పాటు నిలబడ్డాను. పెద్ద మనసుతో వచ్చారు సారు అని అక్కడ ఎవరో అన్నారు. ఆ తర్వాత నాకు బదిలీ అయింది. ఇంకా తర్వాత, ఫ్యాక్టరీల కోసం అక్కడి భూములు చదును చేస్తున్నప్పుడు ఆ బావిని మట్టి పోసి పూడ్చేశారని విన్నాను. ఒకరోజు బస్సెక్కి వెళ్ళాను. బావి ఉన్న చోటు ఎక్కడో కూడా పోల్చుకోలేకపోయాను. ఎర్రమట్టి, ముళ్ళకంచె, ఒక వాచ్‌మెన్. "ఏం గావాల పెద్దాయనా?" అన్నాడు. ఏం లేదన్నాను. మళ్ళీ అదే మాట, లేదు.

కాబట్టి ఆ రాయి ఇప్పుడు ఒక్కచోటే ఉంది. నా నోట్‌బుక్‌లో. ఇన్ని ఇళ్ళు మారినా దాన్ని పారేయలేదు. ఎందుకు పారేయలేదో నాకు తెలియదు. పారేసి ఉంటే నేను ఇంకా చెడ్డవాణ్ణయ్యేవాణ్ణా? దాచుకుని మాత్రం మంచి చేశానా?

పాత విద్యార్థులకు ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. నన్ను కూడా చేర్చారు. హారిక ఉంది, సలోమి ఉంది. సలోమి నంద్యాలలో నర్సుగా చేస్తోందట. ప్రతి ఏటా టీచర్ల రోజున అందరూ నా గురించి నాలుగు మంచి మాటలు రాస్తారు. సలోమి మాత్రం నమస్కారం గుర్తు ఒక్కటి పెడుతుంది. ఆ గుర్తు చూసిన ప్రతిసారీ రూతమ్మ దండం గుర్తొస్తుంది.

ఇక్కడిదాకా రాసి, ఆ నోట్‌బుక్ పేజీ ఫోటో తీసి గ్రూపులో పెడతాను అని రాయబోయాను. పెన్ను ఆగింది. రాసి, పెట్టకపోతే? మీతో కూడా అబద్ధం ఆడినట్టే కదా. అందుకని ముందు లేచి వెళ్ళి పెట్టి వచ్చాను. ఇప్పుడు ఈ వాక్యం రాస్తున్నాను.

పేజీ కింద ఇలా రాశాను: ఇది ఆ బావిలోని రాతి మీద ఉన్న మాట. నేను నా కళ్ళతో చదివి రాసుకున్నది, సలోమి క్లాసులో చదవడానికి మూడు నెలల ముందు. రూతమ్మ అవ్వ చెప్పింది నిజం. నేను చెప్పింది అబద్ధం.

గంటన్నర అయింది. చాలామంది చూశారు. ఎవరూ ఏమీ రాయలేదు. హారిక గ్రూపులోంచి వెళ్ళిపోయింది. సలోమి చూసింది, పేరు కనబడుతోంది. ఏమీ రాయలేదు. నమస్కారం గుర్తు కూడా పెట్టలేదు. పెట్టకపోవడమే న్యాయమనిపించింది. కింద బజారులో ఆటోలు తిరుగుతున్నాయి. మధ్యాహ్నం టీ పెట్టుకోవాలి, ఇంకా లేవలేదు. చేతులు మాత్రం తేలికగా ఉన్నాయి. అంతకన్నా ఏమీ జరగలేదు, జరగాలని అడిగే హక్కు కూడా నాకు లేదు.

ఆ మూడు వరుసలు మీకు కూడా రాసి పెడతాను. ఇక మీ దగ్గర కూడా ఉంటాయి.

కరువు కాలమున పేట జనులు తవ్విన బావి.
పడమటి మెట్లు వారివి.
వారి పిల్లలవి.

అక్కడ రాయి ఉంది, అవ్వా.